క్యాలిక్యులేటర్ బొమ్మ వెనుక దాచిన భూతద్దం

ఆపా పోయిందని గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. కొన్నాళ్లుగా ఆ ఊరి నంబరు కనిపిస్తే చాలు, ఎత్తడానికి నాకు చేతులు వచ్చేవి కావు. ఆమె కిడ్నీలు పాడయ్యాయని, కర్నూలు దవాఖానకు తిప్పుతున్నారని తెలుసు. ఆ పొద్దున నాగర్‌కర్నూల్‌లో మా వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతున్నాను. ఆ చేతులతోనే ఫోన్ ఎత్తాను. "అక్కా, ఆపా పోయింది," అన్నది గట్టు పిల్ల. గట్టు అనే ఊరి నుంచి వచ్చి ఆపా దగ్గరే కంప్యూటర్ నేర్చుకొని, ఇప్పుడు అదే సెంటర్లో పాఠాలు చెబుతున్న అమ్మాయి. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోతారని కూడా చెప్పింది.

వనపర్తిలో దిగి గద్వాల బస్సు కోసం నిలబడ్డంతసేపూ, నేను చేరేలోపే తీసుకుపోతారేమోనని వచ్చిన ప్రతి బస్సు బోర్డూ చదువుతూనే ఉన్నాను. నయం, తీసుకుపోలేదు. ఆడవాళ్లు కూర్చున్న గదిలో జరిగి నాకు చోటిచ్చారు. ఆపా ముఖం చూశాను. ఆమె కళ్లు మూసుకొని ఉండగా చూడటం నాకు అదే మొదలు. ఉన్నన్నాళ్లూ ఆ కళ్లను కావలసినదానికంటే పెద్దగా తెరిచి పెట్టుకునేది. ఎందుకో నాకు తెలుసు కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. గద్వాలలో ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పే సెంటర్ ఉండేది. అందులో ఆమె టీచరు. డిగ్రీ అయిపోయి, బిజినేపల్లి నుంచి వచ్చి మా మేనత్త ఇంట్లో ఉంటూ ఆమె కింద సాయానికి చేరాను నేను. యజమాని హైదరాబాదులో మూతపడిన ఏదో ఆఫీసు నుంచి పాత కంప్యూటర్లు కొనుక్కొచ్చాడు. వాటిలో ఉన్నది అందరికీ తెలిసిన విండోస్ కాదు, లినక్స్. వాటిని నిలబెట్టిన మనిషి అసలు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండానే ఊరు విడిచిపోయాడు. కొత్తది ఏది ఎక్కించబోయినా ఆ పాస్‌వర్డ్ అడిగేది, మేం నోరు మూసుకొని ఆ పెట్టె మూసేసేవాళ్లం. మిషన్ ఏదైనా చెడిపోతే మళ్లీ బాగుచేసే దిక్కు లేదని, చెడగొట్టినవాళ్లు ఇంటికి పోవలసిందేనని యజమాని మొదటి రోజే తేల్చి చెప్పాడు. మౌసు మీద చెయ్యి వేయాలంటే నాకు చెమటలు పట్టేవి.

నాది భయమైతే ఆపాది మహా భయం. దూరంగా ఎక్కడో ఉరిమితే చాలు, అన్ని ప్లగ్గులూ పీకించేది. వాన రాకపోతే మళ్లీ పెట్టించేది. స్టెబిలైజర్ గుర్రుమంటే నన్ను ముందుకు తోసి తను తలుపు దగ్గరికి పోయేది. ఇంత పిరికి మనిషి కరెంటుతో నడిచే పనిలోకి ఎలా వచ్చిందా అని నేను నవ్వుకునేదాన్ని, పైకి అనేదాన్ని కూడా. ఆమెకు కోపం రాదు. "అరే చెల్లె, భయం లేనోళ్లు మిషన్ ముట్టొద్దు," అనేది.

ఆమె క్లాసులో ఒక పద్ధతి ఉండేది. తెర మీద ఏ పెట్టె వచ్చినా పిల్లలు అందులో ఏమి రాసి ఉందో పైకి చదవాలి. చదవకుండా ఓకే నొక్కితే లేపి నిలబెట్టేది. ఇంగ్లీషు రాకపోయినా సరే, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదవాలి. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, పెట్టె కనబడగానే అదేదో తామే పాడుచేశామని ఏడుపు ముఖం పెట్టేవాళ్లు. వాళ్లతో ఆపా అనే మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "భయపడు బిడ్డా, వద్దన్నానా. చదివినంక భయపడు." నాకు ఆ పద్ధతి భలే నచ్చింది. పిల్లలకు ధైర్యం చెప్పడానికి పెట్టిందనుకున్నాను.

ఒకరోజు పిల్లలు అన్నాలకు పోయాక ఆపా తలుపు దగ్గరికి వేసి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను సద్ది విప్పుతున్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ముందు ఒట్టు వేయించుకుంది. తర్వాత చెప్పింది, తనకు అక్షరాలు కనబడటం పోతోందని. షుగర్ ఎప్పటి నుంచో ఉంది. ఆమె తల్లికీ ఇలాగే పోయిందట. చూపు పోయిన తర్వాత ఆ తల్లిని వెనక గదిలో కూర్చోబెట్టారు. పడిపోతుందని, ఎక్కడైనా తగిలించుకుంటుందని, అంతా ఆమె మంచికే. ఆమె మళ్లీ వాకిలి దాటింది జనాజాలోనే, నలుగురు భుజాల మీద మోస్తుంటే.

దవాఖానకు పోదాం, నేను తోడొస్తానన్నాను. ఆపా తల అడ్డంగా ఊపింది. "దవాఖానకు పోతే అన్నకు తెలుస్తది. అన్నకు తెలిస్తే నన్ను గూడ గట్లనే కూసోబెడ్తడు. అన్న చెడ్డోడు గాదు చెల్లె, గదే నా భయం. కొట్లాడెతందుకు గూడ రాదు." పెళ్లయిన కొద్ది రోజులకే భర్త పోతే తిరిగొచ్చిన చెల్లెలిని కడుపులో పెట్టుకొని చూసిన అన్న అతను. సెంటరుకు రావడమొక్కటే ఆమెకు బయటి లోకం. ఆ కుర్చీ పోతే ఆ వెనక గదే. ఆమె ఏడవలేదు. నేను సద్ది మళ్లీ కట్టేశాను.

అప్పుడు అర్థమైంది, పిల్లలను పైకి ఎందుకు చదివిస్తుందో. ఆమె వెనక నడుస్తూ వినేది. వింటూ, ఎక్కడ నొక్కాలో చెప్పేది. ఆ పిల్లల కళ్లతోనే ఆమె పాఠం నడుస్తోంది.

నేను కర్నూలు నుంచి తెప్పించుకున్న కంప్యూటర్ పత్రికతో ఒక సీడీ వచ్చింది. అందులో అక్షరాలను పెంచి చూపే చిన్న ప్రోగ్రాం ఉంది. భూతద్దం లాంటిది. దాని గొప్పతనం ఏమిటంటే, దాన్ని మిషన్‌లోకి ఎక్కించనక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు. మూట విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే అక్కడి నుంచే నడుస్తుంది. ఎక్కడికైనా వెంట తీసుకుపోవచ్చు. మామూలుగా అయితే ఆ కంప్యూటర్లోనే ఒక మూలన పెట్టుకోవాలి. ఆపా ఒప్పుకోలేదు. యజమాని ఎప్పుడైనా చూసి, ఇదెవరికి, ఎందుకు అని అడిగితే? దుబాయ్ నుంచి మేనల్లుడు తెచ్చిన పెన్ డ్రైవ్ ఉంది, అందులో పెడదామంది. దాన్ని నల్ల దారంతో మెడలో వేసుకొని బుర్ఖా లోపల దాచుకునేది. ఆ సెంటర్ మొత్తానికి అదొక్కటే పెన్ డ్రైవ్. ఈ ముక్క గుర్తుంచుకోండి, మా కొంప ముంచింది ఇదే.

ఆ ప్రోగ్రాం నడపాలంటే నల్ల తెర తెరిచి, అది ఎక్కడుందో ఆ దారి అంతా టైపు చేయాలి. ఆ సన్న అక్షరాలు కనబడేటట్టయితే ఇక భూతద్దం దేనికి? అందుకే లాంచర్ చేయాలనుకున్నాం. లాంచర్ అంటే తెర మీద ఉండే చిన్న బొమ్మ. దాని లోపల, ఫలానా చోట ఉన్న ఫలానా ఫైలును నడుపు అని రాసి పెట్టి ఉంటుంది. బొమ్మను నొక్కితే ఆ పని జరుగుతుంది. చేయడం కూడా కష్టమేం కాదు. తెర మీద ఖాళీ చోట కుడి మీట నొక్కితే ఒక పెట్టె వస్తుంది. పేరు అడుగుతుంది, నడపవలసినదాని దారి అడుగుతుంది, ఏ బొమ్మ కావాలో అడుగుతుంది. అంతే. కానీ ఆ అంతేను చేసేటప్పుడు ఒక్కో అక్షరం కొట్టి తలుపు వైపు చూశాను. మిషన్ ఆగిపోతుందేమో, యజమాని మెట్లెక్కి వస్తాడేమో. ఆపా తలుపుకు వీపు ఆనించి నిలబడి, కింద చెప్పుల చప్పుడయితే దగ్గుతోంది. మొదటిసారి నొక్కితే ఏమీ కాలేదు. ఫైలు బదులు ఫోల్డర్ దారి ఇచ్చానని తర్వాత తెలిసింది. సరిచేసి నొక్కాను. తెర మీద అక్షరాలు లేచి ఉబ్బాయి. ఆపా దగ్గరికొచ్చి, వంగి, 'ఫోల్డర్' అన్న మాటను తనంతట తనే చదువుకుంది.

పేరేం పెడదామంటే వచ్చింది అసలు పరేషాన్. భూతద్దం బొమ్మ పెడితే పిల్లలు నొక్కుతారు, అడుగుతారు. లాంచర్‌కు ఏ పేరైనా పెట్టొచ్చు, ఏ బొమ్మైనా తగిలించొచ్చు, లోపల నడిచేది వేరే అయినా అది ఏమీ అనదు. ఆపాయే చెప్పింది, క్యాలిక్యులేటర్ బొమ్మ పెట్టమని. లెక్కలంటే పిల్లలు దూరంగా ఉంటారని ఆమె నమ్మకం. ఆపా కూర్చునే ముందు మిషన్‌లో ఆ బొమ్మను తెర పైన ఎడమ మూలలో పెట్టాం. మౌసును ఎటు నుంచి తోసినా ఆ మూలకు పోయి ఆగిపోతుంది కనుక చూడకుండానే అందుతుంది. మిగతావాటికీ లాంచర్లు చేసి, టైపింగుకు పసుపు బొమ్మ, బొమ్మలు గీసేదానికి ఎర్ర బొమ్మ, అన్ని మిషన్లలో ఒకే వరుసలో పెట్టాం. మా మిషన్లు ఎంత ముద్దొస్తున్నాయోనని పిల్లలు సంబరపడ్డారు.

నాకు మాత్రం ఆ ముందు మిషన్ వైపు చూడాలంటేనే భయం. ఒకరోజు ఆపా నమాజుకు పోయినప్పుడు గట్టు పిల్ల ఆ క్యాలిక్యులేటర్ నొక్కింది. పెన్ డ్రైవ్ ఆపా మెడలో ఉంది. తెర మీద పెట్టె వచ్చింది. పద్ధతి ప్రకారం ఆ పిల్ల లేచి నిలబడి గొంతెత్తి చదివింది, ఆ పేరుతో ఫైలు లేదు అని. నా ప్రాణం పోయినంత పనైంది. అది పాతది, ముట్టకు అని కసిరాను. ఆ పిల్ల నన్నొక చూపు చూసి కూర్చుంది. అప్పుడే దానికి ఏదో తెలిసిందని నా అనుమానం, ఇప్పటికీ అడగలేదు.

ఆ చలికాలంలో తనిఖీ అన్నారు. మా సెంటరుకు పిల్లలను పంపించే సంస్థ నుంచి పాలమూరు సారొకాయన వచ్చి, టీచర్లు పాఠం చెప్పే తీరు చూస్తాడట. నచ్చకపోతే టీచరును మారుస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆపా ముఖంలో నెత్తురు లేదు. నేను చెబుతానంటే వినలేదు. పెద్ద టీచరు చిన్న టీచరును ముందు నిలబెడితే అదే అనుమానమంది.

సారు పొద్దున్నే వచ్చాడు. మనిషి నెమ్మది, మాట తక్కువ. అలాంటివాళ్లంటే నాకు ఇంకా భయం. ఆయన నేరుగా ముందు మిషన్ దగ్గరికి పోయి, జేబులోంచి ఏదో తీసి దానికి తగిలించాడు. నేను వెనక వరుసలో ఉన్నాను, ఏం తగిలించాడో కనబడలేదు. ప్రశ్నలు ఇందులో ఉన్నాయని, తెరిచి పిల్లలకు ఒక్కొక్కటే చదివి వినిపించమని ఆపాతో అన్నాడు. ఆపా సరేనని కూర్చుంది. బుర్ఖా లోంచి దారం లాగి తన పెన్ డ్రైవ్ తగిలించింది. మౌసును మూలకు తోసి నొక్కింది.

"క్యాలిక్యులేటర్ ఎందుకమ్మా?" అన్నాడు సారు.

అక్షరాలు ఉబ్బలేదు. తెర మధ్యలో ఒక పెట్టె వచ్చి నిలబడింది. ఆమె దాని వైపే చూస్తోంది, కళ్లు అంత పెద్దవి చేసుకొని. ఏమొచ్చిందో చదవమన్నాడు సారు. నేను లేచి ముందుకు పోబోయి, అదే అనుమానమన్న ఆపా మాట గుర్తొచ్చి ఆగాను. ఇక అయిపోయింది, ఈ సాయంత్రానికి అన్నకు తెలుస్తుంది, రేపటి నుంచి వెనక గదే అనుకున్నాను. ముందు బల్లలో గట్టు పిల్ల లేచింది. ఎవరూ అడగకుండానే ఆ పెట్టెలోది కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. నిన్ను కాదు, మేడమ్‌ను చదవమన్నానని సారు చెయ్యి చూపి ఆపాడు.

అప్పుడు ఆపా అన్నది. "నాకు కనబడ్తలేదు సార్."

సారు కుర్చీ లాక్కొని ఆమె పక్కన కూర్చున్నాడు. మరి పాఠాలెట్లా చెబుతున్నావని అడిగాడు.

"పిల్లలు చదువుతరు. నేను వింట. విని, ఏం జెయ్యాల్నో చెప్త."

ఆయన సరే కానివ్వమన్నాడు. గట్టు పిల్ల ముందుకొచ్చింది. పెట్టెలో ఉన్నది మొత్తం చదివింది, ఆ పేరుతో ఫైలు లేదట. తెర మీద ఇంకేమున్నదని ఆపా అడిగింది. డిస్కు బొమ్మలు రెండున్నాయి ఆపా అన్నది ఆ పిల్ల. రెండా అని ఆపా ఆశ్చర్యపోయింది. నాకూ వెనక నుంచి అప్పుడే వెలిగింది, సారు తగిలించింది కూడా పెన్ డ్రైవేనని. పేరు పెట్టని పెన్ డ్రైవ్‌లకు ఆ మిషన్ వచ్చిన వరుసలో తనే పేరు పెట్టుకుంటుంది. మొదట వచ్చినది 'డిస్క్', తర్వాత వచ్చినది 'డిస్క్-1'. మా లాంచర్‌లో ఉన్నది డిస్క్ దారి. సారు పెన్ డ్రైవ్ ముందొచ్చి ఆ చోటు తీసుకుంది. రెండో పెన్ డ్రైవ్ అనేది ఎన్నడూ చూడని మాకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? దాచకుండా మిషన్‌లోనే పెట్టుకొని ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఎవరూ చూడొద్దని మెడలో వేసుకున్నదే అందరి ముందూ బయటపెట్టింది.

ఆపా చెబుతుంటే గట్టు పిల్ల లాంచర్ తెరిచి దారి మార్చి, మళ్లీ నొక్కింది. భూతద్దం లేచింది.

అది చూసి నేను ముందుకు వచ్చాను. మేం మొదట పెట్టిన రోజు అక్షరాలు వేలెడంత ఉండేవి. ఇప్పుడు ఒక్క అక్షరం తెర సగం ఆక్రమించింది, రెండో అక్షరానికి చోటు లేదు. నాకు చెప్పకుండా ఆపా దాన్ని పెంచుకుంటూ పోయింది. అంత పెద్ద అక్షరానికి కూడా ఆమె ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది. పిల్లలందరూ చూశారు. రోజూ పక్కనే కూర్చున్నాను, ఇంత దూరం వచ్చిందని నాకే తెలియదు. ఆ నిమిషాన పట్టుకున్న భయం ముందు, అంతకుముందు పడినవన్నీ ఉత్తవే.

సారు లేచి ఆపాతో, ముందు దవాఖానకు పో తల్లీ, కుర్చీ సంగతి నేను మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా. ఆయనే యజమానితో చెప్పాడు, యజమాని అన్నతో చెప్పాడు. అన్న ఒక్క మాట అనకుండా హైదరాబాదు తీసుకుపోయాడు. ఒక కన్ను దక్కలేదు. రెండో కంట్లో ఉన్నది పోకుండా ఆపారు. ఆ మిగిలిన కాస్త చూపుతో, పిల్లల చదువు వింటూ, కిడ్నీలు మొరాయించేదాకా ఆమె పాఠాలు చెప్పింది. నేను పెళ్లయి నాగర్‌కర్నూల్ వచ్చేశాక, నా స్థానంలో గట్టు పిల్లను పెట్టించింది కూడా ఆమే. అన్న ఆమెను వెనక గదిలో కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టడని ఆ రోజు మాకు తెలియదు.

ఆ రోజు తనిఖీ అయిపోయి సారు జీపు ఎక్కాక, ఆపా ఇంటికి పోదామంది. ఎప్పుడూ ఒంటరిగానే పోయేది, గోడల పక్కన చెయ్యి తాకీ తాకకుండా. ఆ రోజు మెట్లు దిగి, పట్టపగలు, బజారు నిండా జనం ఉండగా, నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. అన్నకు ఏం చెప్పాలో తెలియడం లేదని, కాళ్లు ఇంటి వైపు పోవడం లేదని అంది. కొంచెం ఆగి, "ఏమేమున్నయో చెప్పుకుంట నడువు చెల్లె," అన్నది.

చెప్పుకుంటూ నడిచాను. ముందు అరటిపండ్ల బండి, కుడికి జరగండి ఆపా. సైకిల్ వస్తోంది, ఆగండి. ఇక్కడ రాయి. కోట వైపు సందులోకి తిరిగేచోట బాటకు అడ్డంగా మోరీ, అదే మురుగు కాలువ, ఉంది. "మోరీ ఆపా, అడుగు పెద్దగ వెయ్యండి," అన్నాను. వేసింది. దాటింది. దాటామని చెప్పబోతే ఏడుపొచ్చి చున్నీ నోట్లో కుక్కుకున్నాను. నేను ఏమీ చెప్పలేదు కనుక ఇంకా మోరీలు ఉన్నాయనుకొని, ఆపా నా భుజం గట్టిగా పట్టుకొని, చదునుగా ఉన్న ఆ బాట మీద అలాగే పెద్ద పెద్ద అడుగులు వేసుకుంటూ వాళ్ల వాకిలి దాకా వచ్చింది.